చలికాలంలో వాహన చోదకులు పాటించవలసిన జాగ్రత్తలు – ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలపై సమాచార వ్యాసం

డిసెంబరు, జనవరి మాసాలలో వై.ఎస్.ఆర్. కడప జిల్లాలో చలి తీవ్రత ఉత్తరాది రాష్ట్రాలతో పోలిస్తే స్వల్పమే. అయినప్పటికీ తెల్లవారుజామున కమ్ముకునే మంచు, సాయంత్రం త్వరగా ముగిసే వెలుతురు, రాత్రి ప్రయాణాలలో ఆవరించే నిద్రమత్తు కారణంగా ఈ కాలంలో రహదారులపై ప్రమాదాలకు ఆస్కారం ఏర్పడుతుంది. ఎండలకు అలవాటుపడిన ప్రాంతం కావడంతో వేసవికి వాహనాన్ని సిద్ధం చేసుకునే చోదకులు సైతం చలికాలాన్ని తేలికగా తీసుకోవడం కద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చోదకులు ఈ కాలంలో ఎదుర్కొనే పరిస్థితులు, పాటించవలసిన జాగ్రత్తలు, వర్తించే నిబంధనలను పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఈ దిగువ పొందుపరచడమైనది.

ప్రాంత నేపథ్యం

పెన్నా నది ఒడ్డున గల ప్రొద్దుటూరు బంగారం, వస్త్ర వ్యాపారాలకు పేరుపొందిన పట్టణం. జమ్మలమడుగు పరిసరాలలోని నల్లరేగడి భూములలో బుడ్డశనగ విస్తారంగా సాగవుతుంది. ఎర్రగుంట్ల, ముద్దనూరు మార్గాలలో సిమెంటు, బొగ్గు బూడిద, నాపరాళ్ల రవాణా అధికం. పులివెందుల ప్రాంతం అరటి, చీనీ తోటలకు ప్రసిద్ధి. ఈ మూడు పట్టణాలలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. బెంగళూరు, హైదరాబాదు నగరాలకు వెళ్లే బస్సులలో అధిక భాగం రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి గమ్యం చేరేవే.

చలికాలంలో ఈ రహదారులపై రాకపోకలు మరింత పెరుగుతాయి. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు శబరిమల యాత్రికుల వాహనాలు, జనవరిలో సంక్రాంతికి స్వగ్రామాలకు వచ్చేవారి వాహనాలు, గండికోటలో సూర్యోదయం చూచేందుకు చీకటితోనే జమ్మలమడుగు నుంచి బయలుదేరే పర్యాటకుల కార్లు ఇందులో ముఖ్యమైనవి. పొలం పనులకు కూలీలను తీసుకుపోయే ఆటోలు, ట్రాక్టర్లు, పాలు, కూరగాయలు తెచ్చే ద్విచక్ర వాహనాలు కూడా సరిగ్గా మంచు కురిసే వేళలోనే రోడ్డెక్కుతాయి. అంటే వెలుతురు అతి తక్కువగా ఉండే సమయంలోనే భారీ లారీ, చిన్న ఆటో, పాదచారి ఒకే రోడ్డును పంచుకోవలసి వస్తున్నది.

చలి, మంచు – కారణాలు

కడప మైదాన ప్రాంతంలో డిసెంబరు, జనవరి మాసాల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ సమీపంలో ఉంటుంది. కొన్ని రాత్రులలో ఇది మరికొన్ని డిగ్రీలు తగ్గుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటె తక్కువకు చేరి, సాధారణం కంటె 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి తగ్గినప్పుడు భారత వాతావరణ విభాగం దానిని శీతల గాలులుగా పరిగణిస్తుంది. ఈ కొలమానం ప్రకారం చూస్తే ఈ ప్రాంతంలో అటువంటి పరిస్థితి అరుదు. కాబట్టి ఇక్కడి చోదకులకు అసలు ముప్పు చలి వలన కాక, చలితో పాటు వచ్చే మంచు, చీకటి, నిద్రమత్తుల వలన కలుగుతుందని గ్రహించవలసి ఉన్నది.

ఈశాన్య రుతుపవనాల వర్షాలతో తడిసిన నేల, ఆకాశంలో మబ్బులు లేని రాత్రులలో వేగంగా చల్లబడుతుంది. గాలి స్తబ్ధుగా ఉన్నట్లయితే నేలను ఆనుకొని ఉన్న గాలిలోని తేమ సన్నని నీటి బిందువులుగా మారి మంచు తెరగా ఏర్పడుతుంది. పెన్నా పరీవాహకం, మైలవరం, గండికోట, చిత్రావతి జలాశయాల పరిసరాలు, కర్నూలు–కడప కాలువ కింది మాగాణి భూముల వంటి తేమ గల పల్లపు ప్రాంతాలు ఇందుకు అనుకూలమైనవి. గండికోట జలాశయం ఒక్కటే 26.85 టి.ఎం.సి.ల సామర్థ్యం గలది. పొలాలలో తగులబెట్టే చెత్త పొగ, రోడ్డు పక్కన లేచే దుమ్ము మంచుతో కలిసినప్పుడు ఆ తెర మరింత చిక్కబడుతుంది.

ఈ విధంగా ఏర్పడే మంచు రహదారి పొడవునా ఒకే తీరున ఉండదు. మెట్ట మీద రోడ్డు స్పష్టంగా కనిపిస్తూ, వంతెన వద్దకో వంక వద్దకో దిగగానే ఒక్కసారిగా కనుచూపు మూసుకుపోవచ్చును. మంచు సాధారణంగా సూర్యోదయం సమయంలో అత్యధికంగా ఉండి, ఎండ ఎక్కిన కొద్దీ విడిపోతుంది. ప్రయాణాన్ని ఒకటి రెండు గంటలు వాయిదా వేసుకోవడమే ఈ ప్రాంతంలో అతి సులువైన, ఖర్చు లేని రక్షణ.

వాతావరణ విభాగం వర్గీకరణ ప్రకారం కనుచూపు దూరం 1,000 మీటర్ల కంటె తగ్గినప్పుడు పొగమంచుగా పరిగణిస్తారు. 200 నుంచి 500 మీటర్ల లోపు ఉంటే మోస్తరు మంచు, 50 నుంచి 200 మీటర్ల లోపు ఉంటే దట్టమైన మంచు, 50 మీటర్ల కంటె తక్కువగా ఉంటే అతి దట్టమైన మంచు అంటారు.

కనిపించే దూరానికి తగిన వేగం

చలికాలపు డ్రైవింగుకు మూలసూత్రం ఒక్కటే: కనిపిస్తున్న దూరంలోపల వాహనాన్ని పూర్తిగా నిలపగలిగిన వేగంలోనే ప్రయాణించాలి. అపాయాన్ని గుర్తించి, బ్రేకు వేసి, వాహనం ఆగేవరకు పట్టే దూరాన్ని రహదారుల రూపకల్పన నిమిత్తం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ క్రింది విధంగా నిర్దేశించింది.

గంటకు 30 కిలోమీటర్ల వేగానికి – 30 మీటర్లు
గంటకు 40 కిలోమీటర్ల వేగానికి – 45 మీటర్లు
గంటకు 60 కిలోమీటర్ల వేగానికి – 80 మీటర్లు
గంటకు 80 కిలోమీటర్ల వేగానికి – 120 మీటర్లు
గంటకు 100 కిలోమీటర్ల వేగానికి – 180 మీటర్లు

వేగం రెట్టింపు అయినప్పుడు ఆగే దూరం రెట్టింపు కంటె ఎంతో ఎక్కువగా పెరుగుతున్నట్లు ఈ అంకెలు తెలియజేస్తున్నాయి. ఎదుట 50 మీటర్లు మాత్రమే కనిపిస్తున్న వేళ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే చోదకుడు ఆగివున్న లారీని చూచి బ్రేకు వేసినా ప్రయోజనం ఉండకపోవచ్చును. అటువంటి మంచులో వేగం 40 కిలోమీటర్లకు మించరాదు. ఒకే వరుస గల గ్రామీణ రోడ్లపై ఎదురెదురుగా రెండు వాహనాలు వస్తున్నప్పుడు రెండూ ఆగవలసి ఉంటుంది గనుక, పై దూరం రెట్టింపు అవసరమవుతుంది. అంటే ఇట్టి రోడ్లపై వేగాన్ని మరింత తగ్గించుకోవాలి. నల్లరేగడి పొలాల నుంచి ట్రాక్టరు చక్రాలతో రోడ్డు మీదికి వచ్చిన బురద మంచుకు తడిసినప్పుడు బ్రేకు పట్టు తగ్గి, ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

ముందు పోయే వాహనం వెనుక దీపాలనే దారిగా భావించి దానిని అంటిపెట్టుకొని పోవడం ప్రమాదకరం. ఆ వాహనం హఠాత్తుగా ఆగినా, రోడ్డు దిగినా వెనుకవారు తప్పించుకునే వీలుండదు. రోడ్డు ఎడమ అంచున గల తెల్లగీతను ఆధారం చేసుకొని నడపడం మేలు. మంచులో ఓవర్‌టేక్ చేయరాదు.

దీపాలు, అద్దాలు

మంచులో హెడ్‌లైట్లను హై బీమ్‌లో వేసినట్లయితే నీటి బిందువులపై పడిన కాంతి వెనుకకు మళ్ళి చోదకుని కళ్ళనే మిరుమిట్లు గొలుపుతుంది. ఎప్పుడూ లో బీమ్‌నే వాడాలి. ఫాగ్ లైట్లు ఉన్నట్లయితే వాటిని జతపరచాలి. పార్కింగు దీపాలు మాత్రమే వేసుకొని నడపడం చాలదు. నాలుగు ఇండికేటర్లను ఒకేసారి వెలిగించుకొని నడిపినట్లయితే ఆ వాహనం ఎటు మలుపు తిరుగుతుందో వెనుకవారికి తెలియదు. వాటిని వాహనం ఆగినప్పుడు వినియోగించడం సరియైన పద్ధతి.

ముందు అద్దంపై ఏర్పడే మసక రెండు విధాలు. చోదకుని, ప్రయాణికుల ఊపిరిలోని తేమ చల్లని అద్దాన్ని తాకినప్పుడు లోపలి వైపు మసకబారుతుంది. ఏ.సి. వేసి గాలిని అద్దం వైపు మళ్ళించడం లేదా కిటికీలను కొద్దిగా తెరవడం వలన ఇది తొలగిపోతుంది. ఏ.సి. చల్లదనం వలన అద్దం వెలుపలి వైపు తేమ పట్టినప్పుడు వైపర్ వేసి, ఏ.సి. తీవ్రత తగ్గించాలి. వేసవి ఎండకు గట్టిపడి పగిలిన వైపర్ రబ్బర్లను చలికాలానికి ముందే మార్చుకోవలసి ఉంటుంది.

వాహన సంసిద్ధత

ఉష్ణోగ్రత తగ్గితే టైర్లలో గాలి పీడనం తగ్గుతుంది. 10 డిగ్రీల తగ్గుదలకు కారు టైరులో సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ., అధిక పీడనంతో నడిచే లారీ టైరులో సుమారు 4 పి.ఎస్.ఐ. వరకు వ్యత్యాసం రాగలదు. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో సరిగా ఉన్నట్లు కనిపించిన గాలి తెల్లవారేసరికి తక్కువ కావచ్చును. అందుచేత ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలిని సరిచూడాలి. స్టెప్నీని కూడా మరువరాదు.

తెల్లవారుజామున బండి సెల్ఫ్ అందుకోకపోవడం చలికాలంలో తరచుగా వినిపించే ఫిర్యాదు. బ్యాటరీ ఆయువును తగ్గించేది ముఖ్యంగా వేసవి వేడి. కడప ఎండలకు బలహీనపడిన బ్యాటరీ, ఇంజను ఆయిల్ చిక్కబడి స్టార్టింగుకు ఎక్కువ శక్తి అవసరమయ్యే చలి ఉదయాలలో మొండికేస్తుంది. కనుక నవంబరులోనే బ్యాటరీని, టెర్మినళ్లను పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. ఇంజను స్టార్ట్ చేసిన పిదప ఎక్కువ సేపు నిలిపి ఉంచనవసరం లేదు. మొదటి కొద్ది నిమిషాలు నిదానంగా నడిపినట్లయితే చాలును.

లారీలు, ట్రాక్టర్ ట్రైలర్లకు వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు ప్రాణరక్షక సాధనాలు. రవాణా వాహనాలకు ముందు భాగాన తెలుపు, వెనుక భాగాన ఎరుపు రంగు కాంతి పరావర్తన టేపును కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశించింది. సిమెంటు, బూడిద, నాపరాళ్ల దుమ్ము పేరుకుపోయిన టేపు వెలుతురును తిప్పి పంపలేదు. ప్రతి లోడింగు తరువాత ఒక తడిగుడ్డతో తుడవడం వలన ఇది మళ్ళీ పనిచేస్తుంది.

నిద్రమత్తు, ఆరోగ్యం

రాత్రి 2 గంటల నుంచి ఉదయం 5 గంటల వరకు మానవ శరీరం సహజంగానే నిద్రను కోరుతుంది. చలికి కిటికీలు మూసిన క్యాబిన్‌లోని వెచ్చదనం దీనికి తోడవుతుంది. టీ తాగడం, ముఖం కడుక్కోవడం, కిటికీ తెరవడం వంటివి కొద్దిసేపు మాత్రమే ఉపశమనం కలిగిస్తాయి. నిద్రకు మందు నిద్రే. వాహనాన్ని రోడ్డుకు దూరంగా సురక్షిత స్థలంలో నిలిపి 15 నుంచి 20 నిమిషాల పాటు కునుకు తీయడం వలన చురుకుదనం తిరిగి వస్తుంది.

జలుబు, దగ్గు కోసం దుకాణాలలో కొనుక్కునే పలు మాత్రలు, సిరప్‌లు మగతను కలిగిస్తాయి. వాటిని వేసుకున్న వారు వైద్యుని సలహా లేకుండా వాహనం నడపరాదు. చలి కాచుకునేందుకు మద్యం సేవించడం రెండు విధాల హాని. మద్యం వలన చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి వెచ్చగా ఉన్నట్లు తోచినా, వాస్తవానికి శరీరం మరింత వేడిని కోల్పోతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడిన వారికి 6 నెలల వరకు జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

ఇంజను ఆన్ చేసి, కిటికీలు మూసుకొని క్యాబిన్‌లో నిద్రించడం, క్యాబిన్ లోపల కుంపటి లేదా స్టవ్ వెలిగించుకోవడం ప్రాణాంతకం. వీటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు గానీ, వాసన గానీ ఉండదు. నిద్రలో ఉన్న వ్యక్తికి ప్రమాద సూచన అందకుండానే స్పృహ తప్పుతుంది. దుప్పట్లతో వెచ్చదనం పొంది, ఇంజను ఆపి, కిటికీని కొద్దిగా తెరిచి నిద్రించాలి. ఈ విషయాన్ని లారీ యజమానులు డ్రైవర్లకు, క్లీనర్లకు ప్రత్యేకంగా తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు

ద్విచక్ర వాహన చోదకులకు ఎదురుగాలి వలన చలి రెట్టింపుగా తోస్తుంది. వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు, క్లచ్ పట్టుకోవడంలో జాప్యం జరుగుతుంది. చేతి తొడుగులు, గాలి చొరని కోటు ధరించడం ఇందుకు పరిష్కారం. మఫ్లర్, శాలువ, చీర కొంగు చక్రంలో చిక్కుకోకుండా చూచుకోవాలి. దళసరి మంకీ క్యాప్‌పై హెల్మెట్ పెట్టినప్పుడు అది తలకు సరిగా అమరదు, శబ్దాలు సరిగా వినిపించవు. హెల్మెట్ అద్దం మసకబారితే కొద్దిగా పైకెత్తి నిదానంగా నడపాలి. 4 సంవత్సరాలు పైబడిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. చలికాలమనే కారణంతో దీనికి మినహాయింపు లేదు.

వేకువనే కూలీలను తరలించే ఆటోలలో పరిమితికి మించి ఎక్కించుకోవడం, చోదకుని పక్కన కూర్చోబెట్టుకోవడం వలన అతనికి హ్యాండిల్ తిప్పే వీలు సైతం తగ్గిపోతుంది. మంచులో ఇది మరింత ప్రమాదకరం. వెనుక దీపం లేని ట్రాక్టర్ ట్రైలర్లు, ఎడ్లబండ్లు వేగంగా వచ్చే వాహనాలకు చివరి క్షణం వరకు కనిపించవు. ట్రైలరు వెనుక రిఫ్లెక్టర్ టేపు అతికించుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కంది, జొన్న, శనగ పంటలను రోడ్డుపై ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రి కూడా అలాగే వదలివేయడం వలన ద్విచక్ర వాహనదారులకు ముప్పు కలుగుతుంది. రైతులు కళ్ళాలను వినియోగించుకొనేలా గ్రామస్థాయి అధికారులు అవగాహన కల్పించవలసి ఉన్నది.

ఉత్తరాదికి, ఎత్తైన ప్రాంతాలకు వెళ్ళే వాహనాలు

ఈ ప్రాంత చోదకులు తీవ్రమైన చలిని ఎదుర్కొనేది సొంత జిల్లాలో కాదు, దూర ప్రయాణాలలో. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పులివెందుల నుంచి కదిరి మీదుగా సముద్రమట్టానికి 900 మీటర్ల పైబడిన ఎత్తులో గల బెంగళూరుకు చేరేసరికి చలి స్పష్టంగా పెరుగుతుంది.

పులివెందుల ప్రాంతపు అరటి లారీలు ఢిల్లీ తదితర ఉత్తరాది మార్కెట్లకు వెళ్తాయి. డిసెంబరు, జనవరి మాసాలలో గంగా మైదానంలో ఏర్పడే అతి దట్టమైన మంచు కడప చోదకుని అనుభవానికి అందనిది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే వంటి రహదారులపై శీతాకాలంలో వేగ పరిమితిని తగ్గిస్తూ ఉంటారు. అక్కడి పరిమితులను తెలుసుకొని నడపాలి. సరుకుకు సైతం చలి ముప్పు కలదు. సుమారు 13 డిగ్రీల కంటె తక్కువ ఉష్ణోగ్రతలో అరటి కాయల తొక్క నల్లబడి, సరిగా మాగక ధర పడిపోతుంది. టార్పాలిన్‌తో పాటు గడ్డి పరిచి లోడును కప్పుకోవడం అవసరం. సమయానికి మార్కెట్‌కు చేర్చాలనే ఒత్తిడి, సరుకు చెడిపోతుందనే ఆందోళన డ్రైవరును మంచులో వేగం పెంచేలా ప్రేరేపించకుండా వ్యాపారులు, ట్రాన్స్‌పోర్టు యజమానులు గడువులో ఒక రోజు వెసులుబాటు ఇవ్వడం సముచితం.

చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరులో అడ్డుపడుతుంది. ఐ.ఎస్. 1460 ప్రమాణం ప్రకారం డీజిల్ ఫిల్టరుకు అడ్డుపడే ఉష్ణోగ్రత శీతాకాలంలో 6 డిగ్రీలకు, వేసవిలో 18 డిగ్రీలకు మించరాదు. కడప జిల్లాలో దీని వలన ఇబ్బంది లేదు. హిమాలయ రాష్ట్రాలకు పోయే వాహనాలు అక్కడి బంకులలోనే డీజిల్ నింపుకోవడం, రేడియేటరులో మామూలు నీటికి బదులు కంపెనీ సూచించిన కూలంట్ వాడడం అవసరం. గడ్డకట్టిన డీజిల్‌ను కరిగించేందుకు ట్యాంకు కింద మంట పెట్టడం ఎట్టి పరిస్థితులలోనూ తగదు.

పని గంటలు, రహదారిపై నిలిపిన వాహనాలు

మోటారు రవాణా కార్మికుల పనివేళలను 1961 నాటి చట్టం రోజుకు 8 గంటలుగా, వారానికి 48 గంటలుగా నిర్దేశించి, 5 గంటలకు మించకుండా పనిచేసిన పిదప కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని పేర్కొన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో ఆ చట్టం విలీనమైనది. రోజుకు 8 గంటల పరిమితి ఈ స్మృతిలోనూ కొనసాగుతున్నది. దూర ప్రయాణాలకు ఇద్దరు డ్రైవర్లను పంపడం ఈ పరిమితిని పాటించేందుకు మార్గం.

మంచులో రోడ్డుపై ఆగిపోయిన వాహనం అతి పెద్ద ప్రమాద హేతువు. ఇతరులకు అపాయం కలిగేలా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో వదలివేయడాన్ని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ నిషేధిస్తున్నది. చెడిపోయిన వాహనాన్ని వీలైనంత వరకు రోడ్డు కిందికి దించి, నాలుగు ఇండికేటర్లు వెలిగించి, హెచ్చరిక త్రిభుజాన్ని వెనుకవైపు దూరంగా ఉంచాలి. రాళ్ళు, చెట్టుకొమ్మలు అడ్డుపెట్టి, వెళ్ళేటప్పుడు వాటిని అక్కడే వదిలిపోవడం మరొక ప్రమాదానికి దారితీస్తుంది. వాహనంలోని వారు రోడ్డుపై గానీ, వాహనం వెనుక గానీ నిలబడక దూరంగా జరగాలి.

ప్రమాదం జరిగినప్పుడు

దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక వెల్లడించింది. సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య ప్రమాదాల సంఖ్య అత్యధికంగా ఉంటున్నట్లు ఈ నివేదికలు ఏటా తెలియజేస్తున్నాయి. చలికాలంలో ఈ ప్రాంతంలో సుమారు 6 గంటలకే సూర్యాస్తమయం అవుతుంది గనుక ఆ సమయంలో అధిక భాగం చీకటిలోనే గడుస్తుంది.

క్షతగాత్రులకు మొదటి గంటలో అందే వైద్యం అత్యంత కీలకం. రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ, పోలీసు సహాయానికి 112, జాతీయ రహదారులపై 1033 నంబర్లకు ఫోన్ చేయవచ్చును. మంచులో దారి గుర్తు చెప్పడం కష్టం గనుక సమీపంలోని కిలోమీటరు రాయి సంఖ్యను గానీ, గ్రామం పేరును గానీ తెలియజేయాలి. బాధితులకు సాయపడిన వారిని పోలీసులు, ఆసుపత్రి సిబ్బంది వేధించరాదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. 2025 మే 5న ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండా చికిత్స లభిస్తుంది. ఢీకొని పారిపోయిన వాహనం ఆచూకీ తెలియని కేసులలో 2022 ఏప్రిల్ 1 నుంచి మృతుల కుటుంబాలకు 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడిన వారికి 50 వేల రూపాయల పరిహారం వర్తిస్తున్నది.

ముఖ్యాంశాలు

1. వీలున్నంత వరకు మంచు విడిపోయిన తరువాతనే ప్రయాణం ప్రారంభించాలి.
2. 50 మీటర్లే కనిపిస్తున్నప్పుడు వేగం 40 కిలోమీటర్లకు మించరాదు. ఒకే వరుస రోడ్లపై ఇంకా తగ్గించాలి.
3. లో బీమ్, ఫాగ్ లైట్లు మాత్రమే వాడాలి. వెనుక దీపాలను, రిఫ్లెక్టర్ టేపును తుడిచి ఉంచాలి.
4. టైర్లలో గాలిని అవి చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీని నవంబరులోనే సరిచూడాలి.
5. నిద్ర వచ్చినట్లయితే సురక్షిత స్థలంలో ఆగి కునుకు తీయాలి. మగత కలిగించే మాత్రలు, మద్యం సేవించి వాహనం నడపరాదు.
6. మూసిన క్యాబిన్‌లో ఇంజను నడుపుతూ గానీ, కుంపటి పెట్టుకొని గానీ నిద్రించరాదు.
7. చెడిపోయిన వాహనాన్ని రోడ్డు దించి, హెచ్చరిక త్రిభుజం ఉంచాలి.
8. అత్యవసర సేవలకు 108, 112, జాతీయ రహదారులపై 1033.